రాయి వయసు మట్టిలో ఉంటుంది

జనవరి నెలాఖరులో మా వారూ నేనూ ఆరు రోజులు కారులో తిరిగి ఇల్లు చేరాక మా చెల్లెలు ఫోను చేసి, "ఏమేం చూశారక్కా?" అని అడిగింది. పాకల దగ్గర సముద్రం, కొత్తపట్నంలో వల లాగడం, కనిగిరి అవతల ఒక వాగు గట్టు, ఆ దరిదాపుల్లోనే ఒక గ్రావెల్ గుంత అని వరసగా చెప్పాను. గ్రావెల్ గుంత దగ్గర అది ఆగిపోయింది. "అక్కడ చూడడానికేముంది?" అంది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. బయలుదేరే ముందు ఇరుగుపొరుగు అడిగారు. కనిగిరి లాడ్జిలో గది ఇచ్చిన అబ్బాయి కూడా అడిగాడు. ఫోనులో దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

నేను నెల్లూరు జిల్లా పాఠశాలల్లో 31 ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఆరో తరగతిలో ఆదిమానవుల పాఠం వచ్చినప్పుడల్లా భీంబేట్కా గుహల బొమ్మలు చూపించేదాన్ని, నల్లబల్ల మీద చేతిగొడ్డలి గీసేదాన్ని. ఒక ఏడు ముందు వరసలో కూర్చున్న పిల్ల లేచి, "టీచర్, వాళ్లు మన ఊరి దగ్గర కూడా ఉన్నారా?" అని అడిగింది. "ఉండే ఉంటారులే, కూర్చో" అన్నాను. నాకు తెలియదు కాబట్టి అలా అన్నాను. ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుంది, ఆ "లే" ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా వారు 34 ఏళ్లు రోడ్ల పనుల్లో సైట్ ఇంజనీరుగా చేశారు. ఇద్దరం రెండేళ్ల తేడాతో పదవీ విరమణ చేశాం. పిల్లలు వాళ్ల ఊళ్లలో స్థిరపడ్డారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎవరి పెళ్లికో, ఏ మొక్కు తీర్చుకోవడానికో కాకుండా ఊరికే తిరగడానికి మేమిద్దరమే బయలుదేరడం ఇదే మొదటిసారి.

ఈ ప్రయాణానికి మూలం 2024లో చదివిన రెండు వార్తలు. బరోడాలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకాశం జిల్లాలో నిప్పుకోడి గూడు ఒకటి కనుగొన్నారు. వయసు 41 వేల సంవత్సరాలు. తొమ్మిది, పది అడుగుల వెడల్పున్న గూడు, మూడున్నర వేల దాకా గుడ్ల పెంకు ముక్కలు. నిప్పుకోడి అంటే ఆఫ్రికా పక్షి అనే నేను పిల్లలకు చెప్పాను. అది మన మెట్ట నేలల్లో గుడ్లు పొదిగిందని చదివినప్పుడు పత్రిక పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. రెండో వార్త రెట్లపల్లెది. అదీ ప్రకాశం జిల్లాయే, అదీ బరోడా వాళ్ల పనే. అక్కడ తవ్విన రాతి పనిముట్లు లక్షా 39 వేల సంవత్సరాల నాటివని తేలింది. అలాంటి నేర్పైన పనిముట్లు చేసింది మనలాంటి ఆధునిక మానవులేనని చాలామంది అనుకునేవారు. వాళ్లు ఈ నేలకు చేరకముందే ఇక్కడ ఉన్న మరో పాత మానవ జాతికే ఆ నేర్పు అబ్బిందేమో అన్న ప్రశ్నను ఆ తవ్వకం ముందుకు తెచ్చింది.

మా వారికి ఆ వార్త చదివి వినిపించాను. "పోదాం పద" అన్నారు. ఎక్కడికి అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. పురావస్తు పరిశోధకులు పని అయ్యాక తవ్విన గుంతను మట్టితో పూడ్చేస్తారని మాకు తెలుసు. రెట్లపల్లె గుంత చూద్దామని కాదు మేము వెళ్లింది. ఆ మనుషులు తిరిగిన నేల మీద, వాళ్లలాగా కాళ్లకు పని చెప్పి, కొన్నాళ్లు తిరగాలనిపించింది.

నియమం ఒక్కటే పెట్టుకున్నాం. రోజుకు ఒకే ప్రయాణం, అదీ పొద్దున పూట. సాయంత్రానికి ఎక్కడుంటే అక్కడే నడక. డిక్కీలో రెండు మడత కుర్చీలు, ఫ్లాస్కు, పాత దుప్పటి. నెల్లూరు నుంచి ఉత్తరంగా తీరం వెంట ఒంగోలు దాకా, అక్కడి నుంచి పడమరకు తిరిగి పొదిలి, కనిగిరి, ఆ తర్వాత భైరవకోన, ఉదయగిరి, ఆత్మకూరు మీదుగా ఇంటికి.

మొదటి రెండు రోజులూ సముద్రమే. తుమ్మలపెంట దగ్గర సరుగుడు తోపులో దుప్పటి పరచుకుని మధ్యాహ్నమంతా గడిపాం. రామాయపట్నంలో ఓడరేవు పనులు సాగుతున్నాయి. మా వారు ఆ రాళ్ల కట్టను చాలాసేపు చూశారు, అది ఆయన వృత్తి. పాకలలో ఎండ తగ్గాక నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డాం. ఆ పూట వంజరం ముక్కలతో చేసిన పులుసు తిన్నాం. మామిడికాయ కాలం ఇంకా రాలేదు కాబట్టి చింతపండు పులుపే. అన్నం వేడిగా ఉంది, ఇంటావిడ వద్దన్నా వినకుండా మరో ముక్క వేసింది.

మూడో రోజు తెల్లవారుజామున కొత్తపట్నంలో అలివి వల లాగుతుంటే చూశాం. రెండు గుంపులు చెరో తాడు పట్టుకుని, నడుములకు గుడ్డ పట్టీలు చుట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. గుంపులు రెండూ లాగుతూ లాగుతూ దగ్గరవుతాయి. అలా గంటకు పైగా పట్టింది. చివరికి వల సంచి ఒడ్డుకు చేరేసరికి అందులో చిన్న చేపలు, నాలుగు పీతలు, గాజులా మెరిసే జెల్లీ చేపలు ఉన్నాయి. ఒక పెద్దాయన మా పక్కకు వచ్చి కూర్చుని, పడవలు ఆపిన చోటుకు ఇంకా అవతల, అలలు విరిగే చోటు చూపించాడు. "నా చిన్నప్పుడు ఒడ్డు అక్కడుండేదమ్మా" అన్నాడు.

ఆయన తన 70 ఏళ్ల లెక్క చెప్పాడు. నా మనసు ఇంకా వెనక్కి పోయింది. మంచుయుగాల్లో సముద్రాల నీళ్లు ఖండాల మీద మంచుగా పేరుకుపోయేవి. 20 వేల సంవత్సరాల కిందట సముద్ర మట్టం ఇప్పటి కంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. రెట్లపల్లెలో పనిముట్లు చేసిన కాలం కూడా అంతకు ముందరి మంచుయుగంలోనిదే. అంటే వాళ్ల తీరం మేము కూర్చున్న చోట లేదు. పెద్దాయన వేలు చూపించిన చోటుకు ఎన్నో కిలోమీటర్ల అవతల, ఇప్పుడు ఈ అలివి వలలు అందని లోతులో ఉంది. ఆనాడు మేము కూర్చున్న కొత్తపట్నం ఒడ్డు లోపలి నేల. అక్కడ గడ్డి ఉండి ఉంటుంది, జంతువులు తిరిగి ఉంటాయి. సముద్రం దగ్గర బతికిన వాళ్ల జాడలు ఎన్నో నీళ్లు మింగేశాయి. మిగిలింది పడమటి మెట్టలో వాగుల పక్కన ఉన్నది మాత్రమే. అందుకే ఆ మెట్ట మీద నాకింత పట్టింపు.

ఒంగోలు దాటి పొదిలి వైపు తిరిగితే నేల రంగు మారుతుంది. ఆ రోజుల్లో పొగాకు కోత సాగుతోంది. ఆకు ఎండబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు కట్టిన కర్రలు, కాలుతున్న కట్టెల వాసన, చెట్ల కింద కూర్చుని ఆకు అల్లుతున్న ఆడవాళ్లు. కనిగిరిలో రెండు రాత్రులున్నాం. హనుమంతునిపాడు ఆ వైపునే ఉంది. పరిశోధకులు రాతి పనిముట్ల కోసం తిరిగిన ఊళ్లలో అదొకటి. మేము నడిచిన వాగు పేరు గానీ ఊరి పేరు గానీ ఇక్కడ కావాలనే రాయడం లేదు. కారణం కిందికి వస్తే తెలుస్తుంది.

పొద్దున ఆరున్నరకు వాగు గట్టు ఎక్కాం. నీళ్లు లేవు. గట్టు పక్కన వానలకు కోసుకుపోయిన ఎర్రటి నేల, దాని నిండా గులకరాళ్లు. మొదటి అరగంట నాకు అన్నీ ఒకలాగే కనిపించాయి. అక్కడే వెనక్కి తిరిగి ఉంటే మా చెల్లెలి మాట నిజమే అయ్యేది. కుర్చీలు వేసుకుని టీ తాగాం. ఎండ పక్క నుంచి వాలుగా పడుతూ ఉండగా ఒక్కో రాయికీ నీడ వచ్చింది. నీడ వచ్చాక తేడా తెలిసింది. వాగు దొర్లించిన రాయి అన్ని వైపులా నున్నగా, గుండుగా ఉంటుంది. కొట్టి చెక్కిన రాయికి అంచు ఉంటుంది. దెబ్బ పడ్డ చోట చిన్న ఉబ్బు, అక్కడి నుంచి చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాగా సన్నని వలయాలు. వంగి చూస్తే ఒక పెచ్చు కనిపించింది. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, అరచేతిలో సగం. ఒక పక్క అంచు పొడవునా చిన్న చిన్న పెచ్చులు వరసగా లేపి ఉన్నాయి, రంపానికి పళ్లు పెట్టినట్టు. తోలు గీకడానికో, కర్ర చెక్కడానికో పదును తగ్గినప్పుడల్లా మళ్లీ మళ్లీ సరిచేసుకున్న అంచు అయి ఉంటుంది. ఎవరి చేతిలోనో కొన్నాళ్లు ఉన్న వస్తువు.

మేకలు తోలుకుని వచ్చిన ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. ఆ అంచు చూపించి, ఇది మనిషి చెక్కింది, లక్ష ఏళ్ల పైమాటే కావచ్చు అని చెప్పాను. ఆయన దాన్ని తీసి వేలితో అంచు తడిమి, "ఇంకా తెగుతుంది" అన్నాడు. తర్వాత ఆయన చేసిన పని నేను మరిచిపోను. రాయిని తీసిన చోట మట్టిలో దాని ఆకారంలోనే చిన్న గుంట ఉంది. మళ్లీ సరిగ్గా ఆ గుంటలోనే, ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి వచ్చేలా పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే.

ఆ రాయి ఎన్నేళ్ల నాటిదో ఆ రాయిని ఎంత పరీక్షించినా తేలదు. కొట్టిన పద్ధతిని బట్టి ఫలానా యుగం అని అంచనా వేయగలరు, అంతే. సంవత్సరాలు చెప్పేది దాని చుట్టూ ఉన్న ఇసుక. ఇసుక రేణువు మట్టిలో పూడిపోయాక చుట్టుపక్కల ఖనిజాల నుంచి వచ్చే సహజ వికిరణం వల్ల దానిలో కొద్ది కొద్దిగా శక్తి పోగవుతూ ఉంటుంది. ఎండ తగిలితే ఆ నిల్వంతా ఖాళీ అయిపోతుంది. అందుకే పరిశోధకులు పొరలోకి ఉక్కు గొట్టం దిగగొట్టి, వెలుతురు సోకకుండా మూసి, చీకటి గదిలో తెరుస్తారు. కాంతితో ఆ రేణువులను రెచ్చగొడితే పోగైన శక్తి మెరుపుగా బయటికి వస్తుంది. ఆ మెరుపును కొలిచి, ఈ ఇసుక చివరిసారి ఎండ చూసింది ఎన్నేళ్ల కిందటో లెక్క కడతారు. ఇసుకతో పాటు పూడిన రాయికి ఆ లెక్కే వయసు అవుతుంది. రాయిని పొరలోంచి పీకేస్తే, పొరను యంత్రంతో తిరగేస్తే, ఆ రేణువులన్నీ ఎండ చూస్తాయి. ఇక ఏ విశ్వవిద్యాలయం వచ్చినా చేయగలిగింది లేదు.

అదే రోజు పదకొండు గంటలకు తిరిగి వస్తూ ఊరి చివర టీ కొట్టు దగ్గర ఆగాం. పక్కనే ప్లాట్లు వేస్తున్న స్థలంలో దారి కోసం ఎర్ర గ్రావెల్ కుప్పలు పోసి ఉన్నాయి. మా వారు టీ తెస్తుండగా నేను కుప్ప దగ్గరికి వెళ్లాను. చూడాలని వెళ్లలేదు, పొద్దుటి నుంచి నేల వైపు చూస్తున్న కళ్లు అటే పోయాయి. రెండు నిమిషాలు పట్టలేదు. పెచ్చు. అదే ఉబ్బు, అవే వలయాలు. మూలన ఒక కొత్త దెబ్బ ఉంది, అక్కడ రాయి లోపలి తెలుపు కనిపిస్తోంది. మిగతా అంచంతా, చెక్కిన గుంటల లోపల కూడా, తుప్పు రంగు పట్టి ఉంది. టిప్పరు కొట్టిన దెబ్బ ఏదో, పాత మనిషి కొట్టిన దెబ్బ ఏదో పక్కపక్కనే కనిపిస్తున్నాయి.

ఏమండీ అని పిలిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పారు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఇలాంటి గ్రావెల్ నా చేతుల మీదుగా ఎన్ని వేల లోడ్లు పరిచి ఉంటానో" అన్నారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. నేను ఓదార్చలేదు. ఆయనకు కావలసింది ఓదార్పు కాదనిపించింది.

గ్రావెల్ ఎక్కడి నుంచి వచ్చిందో టిప్పరు నడిపే అబ్బాయిని అడిగితే చెప్పాడు. మర్నాడు పొద్దున భైరవకోన ప్రయాణం కాస్త వాయిదా వేసి ముందు అక్కడికి వెళ్లాం. రెండు తాటిచెట్ల ఎత్తున నిలువునా కోసిన గుట్ట ఉంటుందనుకున్నాను. అంత లేదు. చెరువంత వెడల్పున్న గుంత, లోతు ఒకటిన్నర మనిషి. ఆదివారం కాబట్టి యంత్రం ఆగి ఉంది. కోసిన గోడలో పొరలు పుస్తకం అంచులా కనిపిస్తున్నాయి. పైన జానెడు సాగు మట్టి, దాని కింద మీటరున్నర గట్టి ఎర్రమట్టి, దాని కింద మోకాలెత్తు గరుసు పొర, అన్నిటి కంటే కింద చేత్తో నలిపితే పొడి అయ్యే తెల్లటి రాయి. గరుసు పొర చూపించి మా వారు, "ఇది ఒకప్పుడు వాగు అడుగు. వాగు పక్కకు జరిగింది" అన్నారు. జీవితమంతా ఆ పొర కోసమే గుట్టలు తవ్వించారు కాబట్టి ఆయనకు ఆ చదువు వచ్చు.

ఆ గరుసు పొరలోనే ఒక రాయి సగం బయటికి పొడుచుకుని ఉంది. బయటికి కనిపించే అంచు రెండు వైపులా చెక్కి ఉంది. చేతిగొడ్డలి కావచ్చు, మరొకటి కావచ్చు. మట్టిలో ఉన్న సగం చూస్తే గానీ తెలియదు. నా చేయి దానంతట అది ముందుకు వెళ్లింది. మా వారు మణికట్టు పట్టుకున్నారు. "లాగకు" అన్నారు. ఆ ఒక్క మాట దగ్గర మా ప్రయాణానికి అర్థం దొరికిందని నేను నమ్ముతున్నాను. పక్కన కలం ఆనించి కొలతకు ఫొటో తీశాం. ఆయన టేపు తెచ్చి నాలుగు పొరల మందం కొలిచి, పాత అలవాటు ప్రకారం పుస్తకంలో బొమ్మ గీసి తారీఖు వేశారు. రాయి అక్కడే ఉంది.

ఆ రాత్రి లాడ్జి గదిలో మా ఇద్దరికీ వాదన జరిగింది. చాలా ఏళ్ల తర్వాత ఇంట్లో సరుకుల గురించీ పిల్లల గురించీ కాని వాదన. గుంతలన్నీ ఆపేయించాలన్నాను నేను. ఆయన ఒప్పుకోలేదు. రోడ్డు లేక కాన్పు నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద మోసుకొచ్చిన ఊళ్లు తాను చూశానన్నారు. ఆ ఊళ్లకు గ్రావెల్ కావాలి. అది నేను కాదనలేను, ఇప్పుడూ కాదనడం లేదు. అయితే తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు ఎన్ని ఘనపు మీటర్లు వస్తుందో కొలవడానికి ఒక మనిషి వెళ్తాడు కదా. అతనితో పాటు రాయి తెలిసిన మనిషి ఒకరు ఒక్క రోజు ఆ నేల మీద నడవాలి. వాగుల పక్కన, పాత గరుసు పొరలున్న చోట తప్పనిసరిగా నడవాలి. పనిముట్లు కనిపిస్తే తవ్వకం వంద గజాలు పక్కకు జరగాలి. గ్రావెల్ ఆ పక్కన కూడా దొరుకుతుంది. లక్ష ఏళ్ల కిందటి మనిషి కూర్చుని రాయి చెక్కిన జాగా పక్కన దొరకదు. ఈ మాటకు మా వారు ఒప్పుకున్నారు. "ఒక్క రోజే కదా. మేము టెండరు కాగితాల కోసమే నెలలు ఆగేవాళ్లం" అన్నారు.

రెండో తగాదా బోర్డుల గురించి. వాగు దగ్గర బాణం గుర్తు వేసి బోర్డు పెట్టాలని నేను మొదట అన్నాను. గుడికీ బీచ్‌కీ ఉన్న బోర్డు దీనికెందుకు ఉండకూడదు? గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం 1964లో వెలుగులోకి వచ్చింది. జిల్లాలోనే పుట్టి పెరిగి దాన్ని చూడనివాళ్లు మా బంధువుల్లోనే ఎంతోమంది. ఇక కనిపించే కట్టడమేదీ లేని రాతియుగం సంగతి చెప్పాలా? కానీ మా వారు ఒక ప్రశ్న వేశారు. "బోర్డు చూసి వచ్చిన వందమందిలో ఎంతమంది జేబులో రాయి వేసుకోకుండా వెళ్తారు?" నా చేయి గోడలోని రాయి మీదకు ఎలా వెళ్లిందో నాకు తెలుసు. అన్నీ తెలిసిన సాంఘిక శాస్త్రం టీచరు చేయే అలా వెళ్లింది. నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువని 1972 నాటి చట్టం చెబుతుంది. దొరికిన గులకరాయికి చట్టం వర్తిస్తుందని ఎవరికి తడుతుంది?

అందుకే ఊరి పేరు రాయలేదు. చోటు తెలియవలసింది ముందు నాబోటి ప్రయాణికులకు కాదు, ఆ ఊరి వాళ్లకు. ఆ మేకలాయనకు ఒక్కసారి చెబితే అర్థమయింది. ఊరి బడిలో ఒక గోడ మీద ఆ వాగు పటం, నాలుగు పనిముట్ల బొమ్మలు, లక్షా 39 వేలు అన్న అంకె ఉంటే చాలు. తమ వాగు పక్కన ఏముందో తెలిసిన పిల్లలు గుంత తవ్వుతుంటే అడుగుతారు. అప్పుడు వచ్చే ప్రయాణికులను వాళ్లే తీసుకెళ్లి చూపిస్తారు, వాళ్లే కాపలా ఉంటారు. దూరం నుంచి వచ్చినవాళ్లు ఆ ఊళ్లో భోజనం చేస్తారు, ఒక రాత్రి ఉంటారు. సౌకర్యాలు వచ్చాక చోటును చూపిద్దామనడం తలకిందుల పద్ధతి. ఆ లోపు చోటే ఉండదు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ గురించి పాఠంలో రెండు వాక్యాలు చెప్పేదాన్ని. భూగర్భ సర్వే ఉద్యోగి, 1863 మే 30న చెన్నై దగ్గరి పల్లావరంలో మన దేశపు తొలి పాత రాతియుగం పనిముట్టును గుర్తించాడు. ఒంగోలు దగ్గరి తీర ప్రాంతపు భూగర్భాన్ని కూడా ఆయనే పరిశీలించి రాశాడు. ఆయన పోగుచేసిన వస్తువులు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఆయనా రాళ్లు ఏరాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఏరాడు, కానీ ఏది ఎక్కడ దొరికిందో రాసి పెట్టాడు. ఆ రాత వల్లే ఇన్నేళ్ల తర్వాత కూడా పరిశోధకులు ఆ చోట్లకు మళ్లీ వెళ్లగలిగారు. చోటు రాయకుండా ఏరితే మిగిలేది అలమారలో ఒక రాయి.

భైరవకోనలో ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి. జలపాతం జనవరిలో సన్నగా జారుతోంది. బస్సుల్లో వచ్చినవాళ్లు అరగంటలో చూసి వెళ్లిపోతుంటే మేము సాయంత్రం దాకా ఉన్నాం. మర్నాడు ఉదయగిరి కొండ కింద కూర్చుని నేను పిల్లలకు చెప్పే లెక్క ఒకటి మా వారికి చెప్పాను. రెట్లపల్లె మనిషి నుంచి ఇప్పటి దాకా గడిచిన కాలమంతా ఒక్క రోజు అనుకుందాం. రాత్రి పన్నెండు గంటలకు ఆయన రాయి చెక్కాడు, మళ్లీ రాత్రి పన్నెండు అయ్యేసరికి మనం ఉన్నాం. నిప్పుకోడి గుడ్లు పెట్టింది సాయంత్రం అయిదు గంటలకు. చందవరం స్తూపం లేచింది చివరి పాతిక నిమిషాల్లో. 1514లో కృష్ణదేవరాయలు ఈ ఉదయగిరి కోటను పట్టుకుని అయిదు నిమిషాలయింది. మనం చరిత్ర అని బళ్లో ఏడాదంతా చెప్పేది దాదాపు ఆ చివరి గంటే. మిగతా 23 గంటలకు జూలైలో రెండు పీరియడ్లు.

ఆత్మకూరు దాటాక మా అమ్మమ్మ ఊరి మలుపు వచ్చింది. ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆ ఇంటి పశువుల కొట్టంలో గూటిలో ఒక రాయి ఉండేది. నల్లగా, చేప వీపులా నున్నగా, ఒక చివర పదునుగా. అమ్మమ్మ దాన్ని పిడుగురాయి అనేది, ఆకాశం నుంచి పిడుగుతో పడిందనేది. పండగకు పసుపు రాసేది. గొడ్డుకు వాపు వస్తే దానితో రుద్దేది. నేను దాన్ని తాకితే చేతులు కడుక్కున్నావా అని అడిగేది. అది కొత్త రాతియుగపు గొడ్డలి అని నాకు డిగ్రీలో బొమ్మ చూసినప్పుడు తెలిసింది. అప్పటికే కొట్టం పడగొట్టారు. రాయి ఏమయిందో ఎవరినీ అడగలేదు. అమ్మమ్మకు అది ఏమిటో తెలియకపోయినా అది మామూలు రాయి కాదని తెలుసు. నాకు ఏమిటో తెలిసి కూడా వెతకలేదు. కారు ఆపి ఆ మలుపు దగ్గర కాసేపు నిలబడ్డాం.

గ్రావెల్ కుప్పలో దొరికిన పెచ్చు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దాని చోటు పోయింది కాబట్టి కుప్పలో వదిలేస్తే రోడ్డు కింద నలిగిపోతుందని తెచ్చాం. కాగితంలో చుట్టి, కుప్ప ఎక్కడ, గుంత ఎక్కడ, ఏ తారీఖు అని మా వారు తన గుండ్రని చేతిరాతతో రాసి పెట్టారు. గోడలోని రాయి ఫొటోలూ పొరల కొలతలూ ఒక విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం చెప్పే అధ్యాపకుడికి పంపాం. పెచ్చు కూడా ఆయనకే అప్పగిస్తామని రాశాం. పది రోజులకు జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. ఆ గరుసు పొర తాను చూడాలనుకుంటున్నానని మొదటిది. గోడ ఇంకా అలాగే ఉందా అని రెండోది.

టీ కొట్టు ఆయనకు ఫోను చేశాం. గుంతలో పని మళ్లీ మొదలయిందని చెప్పాడు, ఏ వైపు కొడుతున్నారో తనకు తెలియదన్నాడు. మా వారు డిక్కీలోంచి మడత కుర్చీలు ఇంకా దించలేదు. టేపూ, పుస్తకమూ ముందు సీట్లో పెట్టారు. రేపు పొద్దున అయిదు గంటలకు బయలుదేరుతున్నాం.